టెర్మినల్‌తో చెలిమి – 6వ పాఠం: ఫైలుకు మూడు గడియారాలు

పోయిన పాఠంలో ఐనోడ్ చూశాం. పేరు తప్ప ఫైలు వివరాలన్నీ అందులోనే ఉంటాయని చెప్పుకున్నాం. ఆ వివరాల్లో మూడు సమయాలున్నాయి. ఈ వారం వాటి సంగతి. ఎప్పటిలాగే ఆదేశాలను పలికినట్టుగా తెలుగులో రాస్తున్నాను. మీరు ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో కొట్టండి. ఫైళ్ల పేర్లు తెలుగులోనే ఉంచినా లైనక్స్‌కు అభ్యంతరం లేదు.

ముందు ప్రయోగానికి కాస్త చోటు చేసుకుందాం. డైరెక్టరీని, అంటే ఫోల్డరును, తయారుచేసే ఆదేశం ఎంకెడిర్.

ఎంకెడిర్ జమాఖర్చు/2024/జూన్

ఒప్పుకోదు. జమాఖర్చు అన్నదే లేనప్పుడు జూన్‌ను ఎక్కడ పెట్టాలని దాని గొడవ. -పి తగిలిస్తే దారిలో లేని డైరెక్టరీలన్నిటినీ తనే కట్టుకుంటూ పోతుంది. ఇప్పటికే ఉంటే మాట్లాడకుండా ఊరుకుంటుంది. స్క్రిప్టులు రాసేవాళ్లు దీన్ని వదలకపోవడానికి కారణం అదే.

ఎంకెడిర్ -పి జమాఖర్చు/2024/జూన్
సీడీ జమాఖర్చు/2024
టచ్ జూన్/పాలు
స్టాట్ జూన్/పాలు

సీడీతో 2024 లోపలికి వెళ్లాం. టచ్‌తో పాలు అనే ఖాళీ ఫైలు పుట్టింది. స్టాట్ చూపించే వరుసల్లో యాక్సెస్ అంటే చివరిసారి చదివిన సమయం. మాడిఫై అంటే లోపలి రాత మారిన సమయం. ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్ఎస్ -ఎల్ చూపేది దీన్నే. చేంజ్ అంటే ఐనోడ్ మారిన సమయం. ఈ మూడోదాన్ని సీటైమ్ అంటారు. ఆ 'సీ'ని చూసి ఫైలు సృష్టించిన సమయం అనుకునేవాళ్లు కోకొల్లలు. కాదు. అనుమతులు మార్చినా, యజమాని మారినా అది కదులుతుంది. కొత్త లైనక్స్‌లలో పుట్టిన సమయానికి బర్త్ అని వేరే వరుస ఉంటుంది. యాక్సెస్‌ను మరీ నమ్మకండి. చదివిన ప్రతిసారీ డిస్కు మీద రాయడం దండగని, చాలా లైనక్స్‌లు దాన్ని అవసరమైనప్పుడే మారుస్తాయి.

ఇప్పుడు కాలాన్ని వెనక్కి తిప్పుదాం.

టచ్ -టి 202001010930 జూన్/పాలు

ఎల్ఎస్ -ఎల్ జూన్ కొట్టండి. 2020 జనవరి 1 అంటుంది. ఆరు నెలలు దాటిన పాతవాటికి గంటలు చూపదు, సంవత్సరమే చూపుతుంది. మళ్లీ స్టాట్ చేయండి: యాక్సెస్, మాడిఫై రెండూ 2020కి వెళ్లాయి, చేంజ్ మాత్రం ఈ క్షణంలోనే ఉంది. టచ్ దాన్ని వెనక్కి నెట్టలేదు. తేదీ దిద్దిన ఫైలు చాలాసార్లు దొరికిపోయేది ఇక్కడే.

ఇక అసలు చిక్కు డైరెక్టరీలది. ఒక నిమిషం ఆగి, ఇవి వరుసగా కొట్టండి.

స్టాట్ జూన్
ఎకో 60 >> జూన్/పాలు
స్టాట్ జూన్

ఎకో పాలు చివర 60 చేర్చింది. పాలు ఫైలు మారింది, జూన్ మాడిఫై సమయం మారలేదు! డైరెక్టరీ అంటే హాజరు పట్టీ. పిల్లవాడు ఎత్తు పెరిగితే పట్టీలో ఏమీ మారదు. కొత్తవాడు చేరినా, ఉన్నవాడు వెళ్లినా, పేరు మార్చుకున్నా మారుతుంది. టచ్ జూన్/కూరలు అని చూడండి, జూన్ కదులుతుంది. దాని పైనున్న 2024 మాత్రం కదలదు, దాని పట్టీలో జూన్ పేరు అలాగే ఉంది కనుక.

ఇది తెలియని రోజుల్లో నేను ఫోల్డర్ల తేదీ చూసి, కొత్తవాటికే బ్యాకప్ తీసేవాణ్ణి. రోజూ రాసుకునే ఒకే ఒక్క ఫైలున్న ఫోల్డరు నెలల తరబడి పాతదిగానే కనిపించింది. డిస్కు పోయాక గానీ తెలియలేదు. కొన్ని ఎడిటర్లు ఫైలును సేవ్ చేసేటప్పుడు కొత్త ఫైలు రాసి పాతదాని పేరు దానికి పెడతాయి. అప్పుడు ఫోల్డరు తేదీ మారుతుంది. ఒకచోట మారి, ఒకచోట మారకపోవడమే నన్ను ముంచింది.

వచ్చే వారానికి పని: ఎంవీ జూన్/పాలు . అని కొట్టండి (ఎంవీ ఫైలును వేరేచోటికి తరలిస్తుంది. చివర చుక్క మరవకండి, మనం ఉన్న డైరెక్టరీ, అంటే 2024, అని దానర్థం). పాలు, జూన్, 2024 – ఈ మూడింటిలో దేని మాడిఫై మారుతుందో ముందే కాగితం మీద రాసుకుని, ఆ తర్వాత స్టాట్ చూడండి. అనుమతులు, యూమాస్క్ వచ్చే పాఠంలో.