ఆరంభ శూరత్వం: సైకిల్ టైమ్ ట్రయల్‌లో టైము ఎక్కడ పోతోంది?

టైమ్ ట్రయల్‌కి, అంటే ఒక్కో రైడర్ ఒంటరిగా గడియారంతో పోటీపడే రేసుకి, కొత్తగా వచ్చినవాళ్లు ముందుగా అడిగేది చక్రాల గురించి. కార్బన్ చక్రాలు వేస్తే ఎంత స్పీడు పెరుగుతుంది అని. వాళ్ల రైడ్ ఫైలు తెరిచి చూస్తే మాత్రం, పోయిన టైములో ఎక్కువ భాగం మొదటి మూడు నిమిషాల్లో చేసిన తప్పు వల్లే పోయి ఉంటుంది. ఆరంభ శూరులని మనకున్న పేరు ఊరికే రాలేదు.

కింద చెప్పేదంతా 20 కి.మీ. చదును రోడ్డుకి. హైదరాబాద్‌లో 2023 అక్టోబరులో ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) పక్కన సోలార్ కప్పుతో 23 కి.మీ. సైకిల్ ట్రాక్ తెరిచారు. అందులో నార్సింగి నుంచి కొల్లూరు దాకా 14.5 కి.మీ. ఒకే ముక్క. పది వెళ్లి పది వెనక్కి వస్తే మంచి టెస్ట్. తెల్లారకముందే వెళ్లాలి. పిల్లలు, నడిచేవాళ్లు వచ్చాక అక్కడ టైమ్ ట్రయల్ పెట్టుకోవడం తప్పు.

లెక్కల కోసం ఒక మామూలు రైడర్‌ని తీసుకుందాం. బండితో కలిపి 85 కిలోలు, ఎఫ్‌టీపీ 220 వాట్లు. అంటే గంటకు అటూఇటుగా నిలబెట్టగల పవర్ అన్నమాట. 20 నిమిషాలు ప్రాణం పెట్టి తొక్కి, వచ్చిన సగటులో 95 శాతం తీసుకుంటే మీ అంకె వస్తుంది.

సగం దాటకముందే కాళ్లు బరువెక్కిపోతున్నాయి

కారణం స్టార్ట్. మొదటి రెండు మూడు నిమిషాలు ఎంత గట్టిగా తొక్కినా కష్టం తెలియదు. కండరాల్లో నిల్వ ఉన్నది ఖర్చవుతుంటుంది, ఊపిరి ఇంకా అందుకోలేదు. హార్ట్ రేట్ చూసి తొక్కేవాళ్లు ఇక్కడే దెబ్బతింటారు. గుండె వేగం పెరగడానికే రెండు మూడు నిమిషాలు పడుతుంది. దొంగలు పడ్డ ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్టు, వాచీ హెచ్చరించేసరికి జరగాల్సింది జరిగిపోతుంది.

ఎఫ్‌టీపీకి పైన తొక్కడానికి ఒంట్లో ఉండే నిల్వ చాలామందిలో 15 నుంచి 20 కిలోజౌళ్లు. మన రైడర్ ఉత్సాహంగా మూడు నిమిషాలు 300 వాట్లు తొక్కాడనుకోండి. 80 వాట్లు ఎక్కువ, 180 సెకన్లు: 14,400 జౌళ్లు. రెండో కిలోమీటరు దాటేసరికే డబ్బా దాదాపు ఖాళీ. ఆ మూడు నిమిషాల్లో అతనికి దక్కింది ఇరవై రెండు సెకన్ల ఆధిక్యం. ఆ తర్వాత 190 వాట్లకు పడిపోతే మొత్తం టైము 35 నిమిషాలకు దగ్గరవుతుంది. మొదటి నుంచీ నిలకడగా 220 తొక్కి ఉంటే 33 నిమిషాల 30 సెకన్లు. అదే మనిషి, అదే బండి.

పరిష్కారం వినడానికి తేలిక, చేయడానికి కష్టం. బండి స్పీడు అందుకున్నాక మూడు నిమిషాలు 210 వాట్లు దాటొద్దు. "ఇదేంటి, ఇంత తేలిగ్గా ఉంది" అనిపించాలి. తర్వాత పదిహేనో కిలోమీటరు దాకా 220 నుంచి 225. ఆ పైన ఉన్నదంతా పెట్టేయండి. పవర్ మీటర్ లేకపోతే ఊపిరే మీటర్: మొదటి ఐదు నిమిషాలు చిన్న వాక్యం ఒకటి చెప్పగలగాలి, మధ్యలో రెండు మూడు మాటలు, చివర్లో పేరడిగినా చెప్పలేకపోవాలి.

ఈ దెబ్బకి మరో కారణం వార్మప్ లేకపోవడం. ఇరవై నిమిషాలు మెల్లగా తొక్కి, అందులో నిమిషం చొప్పున రెండు మూడు సార్లు రేసు పవర్‌కి వెళ్లి రండి. వేడెక్కని కాళ్లతో బయలుదేరితే 210 కూడా 250లా అనిపిస్తుంది.

వెళ్లేటప్పుడు 30, వచ్చేటప్పుడు 40, సగటు మాత్రం 35 రావడం లేదు

రాదు. పది కిలోమీటర్లు 30తో వెళ్తే 20 నిమిషాలు, తిరిగి 40తో వస్తే 15. మొత్తం 35 నిమిషాలకు 20 కి.మీ., అంటే సగటు 34.3. నెమ్మదిగా వెళ్లిన ముక్కలో ఎక్కువసేపు గడుపుతాం కాబట్టి టైము అక్కడే పోతుంది.

కాబట్టి గట్టిగా తొక్కాల్సింది ఎదురుగాలిలోనే. చాలామంది చేసేది దీనికి తిరగబడి ఉంటుంది. ఎదురుగాలిలో విసిగిపోయి వదిలేస్తారు, వెనకగాలి రాగానే స్పీడు చూసి మురిసిపోతూ మరింత తొక్కుతారు. వేగం పెరిగేకొద్దీ గాలిని చీల్చడానికి కావాల్సిన పవర్ వేగం ఘనంతో పెరుగుతుంది. వెనకగాలిలో ఖర్చు చేసిన ప్రతి వాటూ తక్కువ సెకన్లు కొంటుంది. ఎదురుగాలిలో ఐదు శాతం ఎక్కువ, వెనకగాలిలో ఐదు శాతం తక్కువ పెట్టుకోండి. అంతకు మించొద్దు, పై లెక్కలోని డబ్బా గుర్తుందిగా. నైరుతి రుతుపవనాల నెలల్లో కొల్లూరు వైపు వెళ్తుంటే పడమటి గాలి ఎడమ పక్క నుంచి ఏటవాలుగా కొడుతుంది. కప్పు ఎండనే ఆపుతుంది, గాలిని ఆపదు. ఓఆర్ఆర్ వెంబడి వచ్చే చిన్న ఎత్తుపల్లాలకీ ఇదే సూత్రం.

పవర్ బాగానే ఉంది, స్పీడు రావడం లేదు

ముందు చిన్నవి చూసుకోండి: బ్రేక్ చక్రానికి రాస్తోందా, చైన్ మురికిగా ఉందా, జెర్సీ, నంబరు కాగితం గాల్లో కొట్టుకుంటున్నాయా. టైర్లలో గాలి రాయిలా ఎక్కించడం కూడా తప్పే. గరుకు రోడ్డు మీద కాస్త తగ్గిస్తే బండి ఎగిరెగిరి పడకుండా సాగుతుంది.

అవన్నీ సరిగ్గా ఉంటే అడ్డం మీరే. చదును మీద 35 దాటాక శ్రమలో సింహభాగం గాలికే పోతుంది, ఆ గాలికి ఎదురు నిలిచేది బండికంటే మనిషి ఒళ్లే. మన రైడర్ డ్రాప్స్ (హ్యాండిల్ కింది వంపులు) పట్టుకుని 220 వాట్లతో గంటకు 35.8 కి.మీ. వెళ్తాడనుకుంటే, అదే పవర్‌తో ఏరోబార్ మీద, అంటే మోచేతులు ఆనించడానికి హ్యాండిల్‌కి ముందు బిగించే కడ్డీల మీద, ఒదిగి పడుకుంటే సుమారు 37.7. ఇరవై కిలోమీటర్లలో నిమిషం నలభై సెకన్లు. ఏ చక్రమూ ఇవ్వదు ఇంత.

1989 టూర్ డి ఫ్రాన్స్ చివరి రోజు, వెర్సాయ్ నుంచి పారిస్‌కి 24.5 కి.మీ. టైమ్ ట్రయల్. అమెరికన్ రైడర్ గ్రెగ్ లెమాండ్ మొత్తం టైములో 50 సెకన్లు వెనక ఉన్నాడు. ఏరోబార్ బిగించుకుని, పొడుగాటి హెల్మెట్‌తో వచ్చాడు, దారిలో తనకు టైములు చెప్పొద్దని టీమ్‌కి ముందే చెప్పాడు. ముందున్న లోరాన్ ఫిన్యోన్ ఏరోబార్ లేకుండా, హెల్మెట్ లేకుండా, జుట్టు పిలక గాల్లో ఎగురుతుండగా తొక్కాడు. లెమాండ్ ఆ ట్రయల్‌లో 58 సెకన్లు ముందు ముగించి, మొత్తం టూర్‌ని 8 సెకన్ల తేడాతో గెలిచాడు. పాపం, ఫిన్యోన్‌కి సీటు పుండు బాధ కూడా ఉంది, కాబట్టి పుణ్యమంతా హ్యాండిల్‌కే కట్టబెట్టలేం. కానీ ఆ రోజు తర్వాత ఏరోబార్‌ని చూసి నవ్వినవాళ్లు తక్కువ.

అయితే కొనేసి పడుకుంటే పని కాదు. మెడ లాగేసి ప్రతి రెండు నిమిషాలకీ లేచి కూర్చునేవాడికి ఏరోబార్ అలంకారమే. పొజిషన్‌ని మరీ కిందికి దింపొద్దు, నలభై నిమిషాలు నిలబెట్టగలిగినంతే దింపండి. వారానికి రెండు రోజులు ఆ పొజిషన్‌లోనే పది నిమిషాల ముక్కలు తొక్కండి. తల భుజాల మధ్యకి దించుకోండి, కానీ చూపు రోడ్డు మీదే ఉండాలి. స్థానిక ఈవెంట్లలో ఏరోబార్‌కి అనుమతి ఉందో లేదో ముందే అడగండి.

ఆదివారం గ్రూప్ రైడ్‌లో 38, ఒక్కడినే అయితే 32

ఆ 38 మీది కాదు, ముందున్నవాడిది. ముందువాడి చక్రం వెనక ఒదిగితే గాలి వాడికే తగిలి, మనకు ఎంతో శ్రమ మిగులుతుంది. టైమ్ ట్రయల్‌లో ఆ సుఖం నిషిద్ధం. యూసీఐ (అంతర్జాతీయ సైక్లింగ్ సంఘం) నియమాల ప్రకారం దాటేటప్పుడు పక్కకి 2 మీటర్ల ఎడం ఉండాలి, ఆ తర్వాత కిలోమీటరు లోపల వెనకబడినవాడు కనీసం 25 మీటర్లు వెనక్కి వెళ్లిపోవాలి. మందు ఒకటే: వారంలో ఒక రైడ్ ఒంటరిగా, ఎవరి చక్రం వెనకా లేకుండా.

యూ టర్న్ దగ్గర గొలుసు తెగినంత పనవుతోంది

పెద్ద గేరులోనే మలుపు తిరిగి, ఆగిపోయిన బండిని నిలబడి గుంజుతున్నారు. బ్రేక్ వేసే ముందే రెండు మూడు గేర్లు దింపండి. తిరిగాక ఎనిమిది పది తొక్కులు లేచి, వెంటనే కూర్చోండి. ఖాళీ రోడ్డు మీద ఒక పూట ఇరవై సార్లు తిరిగితే చాలు.

ఎండాకాలంలో అదే పవర్‌కి గుండె పది ఎక్కువ కొడుతోంది

ఒంటిని చల్లబరచడానికి రక్తం చర్మానికి మళ్లుతోంది. దీన్ని ఫిట్‌నెస్ తగ్గిందనుకుని ట్రైనింగ్ పెంచేవాళ్లున్నారు, అది ఇంకో తప్పు. ఏప్రిల్, మే నెలల్లో టార్గెట్ ఐదు శాతం తగ్గించి, స్టార్ట్‌కి ముందు మెడ మీద చల్లటి నీళ్లు పోసుకోండి.

ఆరు నెలలైంది, టైము కదలడం లేదు

ప్రతిరోజూ ఒకే ఆయాసంతో తొక్కుతున్నారు: తేలికా కాదు, గట్టిదీ కాదు. వారానికి రెండు రోజులే గట్టిగా తొక్కండి. ఒకరోజు 20 నిమిషాల ముక్కలు రెండు, ఎఫ్‌టీపీకి 95 శాతం దగ్గర. మరో రోజు 8 నిమిషాల ముక్కలు నాలుగు, 105 శాతం దగ్గర. మిగతా రోజుల్లో కబుర్లు చెప్పుకుంటూ తొక్కేంత మెల్లగా. ట్రైనర్ (ఇంట్లో బండిని బిగించి తొక్కే స్టాండ్) మీద నిటారుగా కూర్చుని కొలిచిన ఎఫ్‌టీపీని రేసుకి వాడొద్దు. పడుకుంటే అంకె కొంత తగ్గుతుంది, టెస్ట్ కూడా ఆ పొజిషన్‌లోనే చేయండి.

ముగించాక ఇంకా శక్తి మిగిలింది

ఇది అరుదు, నాకైతే ఒకే ఒక్కసారి జరిగింది. ముందు జాగ్రత్త ఎక్కువై పదిహేనో కిలోమీటరు దగ్గర కూడా దాచుకున్నారన్నమాట. ఈసారి ఆఖరి 5 కి.మీ.లో ప్రతి కిలోమీటరుకీ 5 వాట్లు కలపండి. గీత దాటాక రెండు నిమిషాల్లోనే మామూలుగా మాట్లాడగలిగితే, పై వారం 10 కలపండి.