పదో కర్ర దగ్గర బయటికి వచ్చేసే కుక్క: నా అనుభవం

కుక్కల అజిలిటీ (అడ్డంకుల పరుగు) ఆటలో పన్నెండు వీవ్ కర్రలు, అంటే కుక్క మధ్యలోంచి ఒకసారి అటూ ఒకసారి ఇటూ దాటాల్సిన నిలువు కర్రల వరుస. మా కుక్క తొమ్మిదింటిని పాములా మెలికలు తిరుగుతూ దాటి, పదో దాని దగ్గర పక్కకు జారుకునేది. పట్టీతో నడిపించాను, తీగల కంచె కట్టాను, గొంతు పెంచాను. ఏదీ పని చేయలేదు.

చివరికి ఫోనులో వీడియో తీసి చూస్తే తప్పు నాదని తేలింది. పదో కర్ర వచ్చేసరికి నా భుజాలు తదుపరి హర్డిల్ వైపు తిరుగుతున్నాయి. అది నన్నే అనుసరిస్తోంది, పాపం!

అప్పుడు వెనక నుంచి మొదలుపెట్టాను. చివరి రెండు కర్రలే ఉంచి, అది దాటుతుండగానే తిండి ముక్కను వరుసకు సూటిగా రెండు మీటర్ల ముందుకు విసిరాను. చేతి నుంచి ఒక్కటీ ఇవ్వలేదు, ఇస్తే మళ్లీ నా వైపే చూస్తుంది. తర్వాత నాలుగు, ఆరు, ఇలా రెండేసి చొప్పున ముందువైపు చేర్చాను. ఒక్కటే చేరిస్తే కుక్క లోపలికి వచ్చే వైపు తారుమారవుతుంది. మొదటి కర్ర ఎప్పుడూ కుక్కకు ఎడమవైపే ఉండాలి. పన్నెండూ కుదిరాకే నేను కదిలాను: మొదట నడక, తర్వాత పరుగు, ఆఖరున పక్కకు జరగడం. పూటకు నాలుగైదు సార్లు, అంతే.

మూడు వారాలు పట్టింది. మాది చూపు నా మీదే పెట్టుకునే రకం. వాసనల వెంట పోయేదానికి ఇది కుదురుతుందో లేదో చెప్పలేను. హఠాత్తుగా కర్రలు దాటడం మానేసిన కుక్కకైతే ముందు వెన్నునొప్పి ఉందేమో పశువైద్యుడికి చూపించండి.