వేసవి ఉత్సవంలో విదేశీ వాద్యాలు: కస్టమ్స్ నుంచి వేదిక దాకా ఏం చూసుకోవాలి

పాత నగరంలో వేసవి సంగీతోత్సవం పెట్టి విదేశీ కళాకారులను పిలిచేవాళ్లు ముందు పరుగెత్తేది బస, భోజనం, టికెట్ల వైపు. అవి ఎలాగోలా సర్దుకుంటాయి. కచేరీ చెడిపోయేది ఎక్కువగా కస్టమ్స్ కౌంటర్ దగ్గర, లేదంటే ఎండపడే వేదిక మీద. పని అక్కడి నుంచే మొదలుపెట్టండి.

ఆహ్వానం ఖాయమవగానే ప్రతి కళాకారుడి దగ్గరా వాద్యాల జాబితా తీసుకోండి: తయారీదారు, సీరియల్ నంబరు, విలువ, ఏ చెక్క, ఎక్కడైనా దంతంగానీ తాబేటి చిప్పగానీ ఉందా. ఈ ఆఖరి గడినే చాలామంది ఖాళీగా వదిలేస్తారు. పాత వయొలిన్ కమాను కొసన చిన్న ఏనుగుదంతం బిళ్ల ఉండొచ్చు. పాత గిటారు వీపు బ్రెజిల్ రోజ్‌వుడ్ కావచ్చు. ఆ చెట్టు 1992 నుంచి సైట్స్ (అంతరించే ప్రమాదమున్న జీవజాతుల వ్యాపారాన్ని కట్టడి చేసే అంతర్జాతీయ ఒప్పందం) మొదటి అనుబంధంలో, అంటే అన్నిటికన్నా కఠినమైన జాబితాలో ఉంది. కాగితం లేకుండా తెస్తే వాద్యాన్నే పట్టుకోవచ్చు. ఇలాంటివాటికి సైట్స్ కింద సంగీత వాద్య ధ్రువపత్రం ఇస్తారు. మూడేళ్ల దాకా చెల్లుతుంది, ఎన్నిసార్లయినా సరిహద్దు దాటొచ్చు. కానీ దాన్ని కళాకారుడు తాను నివసించే దేశంలో తీసుకోవాలి, అదీ చాలా ముందుగా.

ఆంప్లిఫయర్లు, పెద్ద వాద్యాలు ఏటీఏ కార్నెట్ (తాత్కాలికంగా తెచ్చి తిరిగి తీసుకెళ్లే సామానుకు ఇచ్చే కస్టమ్స్ పత్రం) మీద వస్తే, దాన్ని అంగీకరించే దేశాల్లో సుంకం కట్టక్కర్లేదు. చిక్కంతా ముద్రల దగ్గరే. వచ్చేటప్పుడు పడిన ముద్ర వెళ్లేటప్పుడు కూడా పడాలి. తిరుగు విమానం హడావుడిలో అది తప్పిపోతే సామాను ఇక్కడే ఉండిపోయినట్టు లెక్క, తర్వాత సుంకం కట్టమంటారు. వెళ్లే రోజు విమానాశ్రయానికి ఒక మనిషిని తోడు పంపండి. అమ్మడానికి తెచ్చిన సీడీలకు కార్నెట్ వర్తించదు.

ఇక వేదిక. రాతి ప్రాంగణం పగలంతా వేడిని పీల్చి, పొద్దుగూకాక వదులుతుంది. కాబట్టి సాయంత్రం ఆరింటికి చల్లబడుతుందని లెక్క వేసుకోవద్దు. వేదిక చోటు ఖాయం చేసేముందు ఒక రోజంతా గంటకో ఫొటో తీసి నీడ ఎటు జరుగుతుందో చూడండి. పడమటి గోడ నీడ వాయించేవాళ్ల మీద పడేలా వేదిక వేస్తే సగం సమస్య తీరినట్టే. రిహార్సల్ వేళను కూడా నీడను బట్టే పెట్టండి, కళాకారుల ఖాళీని బట్టి కాదు.

ఎండకు ఇంత పట్టింపు ఎందుకంటే, వేడి వాద్యాలన్నిటినీ ఒకే వైపు లాగదు. వేడి గాలిలో ధ్వని వేగం పెరుగుతుంది కనుక ఫ్లూట్, ట్రంపెట్ శ్రుతి పైకి పోతుంది. తీగలు సాగి వయొలిన్, చెలో శ్రుతి కిందకి జారుతుంది. 10 డిగ్రీలు పెరిగితే ఊదే వాద్యంలో లెక్క ప్రకారం 30 సెంట్ల తేడా వస్తుంది, అంటే అరస్వరంలో దాదాపు మూడో వంతు. వాయించేవారి ఊపిరి గొట్టాన్ని ముందే వెచ్చబరుస్తుంది కనుక అసలు తేడా కొంత తక్కువే. అయినా చెవికి పట్టేస్తుంది. అందుకే ఏసీ గదిలో శ్రుతి చేసుకుని నేరుగా వేదికెక్కడం పనికిరాదు. వాద్యాన్ని పెట్టెలోనే ఉంచి అరగంట నీడలో బయటి వేడికి అలవాటు పడనిచ్చి, అప్పుడు తియ్యాలి. నిలిపిన కారులో ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదు: వయొలిన్ అతుకులకు వాడే జంతు జిగురు ఆ వేడికి పట్టు వదిలేస్తుంది. భయపడి తీగలన్నీ ఒకేసారి వదులు చెయ్యడం కూడా తప్పే. వయొలిన్ లోపల నిలబెట్టిన పుల్లను పట్టి ఉంచేది ఆ బిగువే. అది పోతే పుల్ల పడిపోవచ్చు.

పియానో సంగతి వేరు. 2.74 మీటర్ల కచేరీ పియానో 480 కిలోల దాకా తూగుతుంది. మూడు కాళ్ల మీద పంచుకున్నా ఒక్కో చిన్న చక్రం కింద 160 కిలోలు. పాత బండ పగలడానికి అంత చాలు. ప్రతి కాలి కిందా 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలక వేయండి, దొర్లించే దారి పొడవునా కూడా. ట్యూనర్‌ని పిలిచేముందు శ్రుతికి ఆధారమైన ‘ఎ’ స్వరం 440 హెర్ట్జ్ కావాలా 442 కావాలా అని కళాకారులను అడగండి. తేడా 8 సెంట్లే అయినా తీగలన్నిటినీ మళ్లీ బిగించాల్సి వస్తుంది, అలా ఒక్కసారిగా పెంచిన శ్రుతి నిలవదు. అందుకే ముందురోజే, కచేరీ జరిగే వేళకే, వేదిక దీపాలు వెలిగించి శ్రుతి చేయించండి. కచేరీ రోజు రిహార్సల్ అయ్యాక ఇంకోసారి సరిచూడాలి. కప్పడానికి తెల్లటి నూలు దుప్పటి మేలు. ప్లాస్టిక్ చెమ్మను లోపలే పట్టేస్తుంది.

120 వోల్టులకు చేసిన ఆంప్లిఫయర్‌ని 230కి పెడితే కాలిపోతుంది. దాని మీద రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యమున్న స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ తెప్పించండి. పాత గోడకు మేకు కొట్టొద్దు, కరెంటు తీగలు నేల మీదే రబ్బరు కప్పుల కింద పోనివ్వండి. స్వరపత్రాలు గాలికి లేవకుండా స్టాండుకు నాలుగేసి బట్టల క్లిప్పులు చాలు.

వాన వస్తే లోపలి హాలుకి మారాలన్న నిర్ణయం కచేరీకి కనీసం నాలుగు గంటల ముందే జరగాలి. పియానో తరలించడానికి గంట, కుదురుకోవడానికి మరో గంట, మళ్లీ శ్రుతికి గంటన్నర పడుతుంది.