ఒకే పిస్తోలుతో మూడు పోటీలు: ఎక్కడ ఇబ్బంది పెడుతుంది, ఎలా సరిచేసుకోవాలి

ఒక వారం యూఎస్‌పీఎస్‌ఏ (పరుగెత్తుతూ కాల్చే పోటీ), మరో వారం ఐడీపీఏ (దుస్తుల కింద దాచిన తుపాకీ తీసి కాల్చే పోటీ), మధ్యలో ఒక సాయంత్రం స్టీల్ ఛాలెంజ్ (ఉక్కు పళ్లేలను కాల్చే పోటీ). అమెరికాలో ఈ సరదా పట్టుకున్నవాళ్లకు నెల ఇలాగే గడుస్తుంది. మూడింటికీ మూడు తుపాకులు కొంటే ఇంట్లో జవాబు చెప్పుకోవడం కష్టం. పైగా గగన్ నారంగ్‌ను చూసి పెరిగిన మనకు షూటింగ్ అంటే కదలకుండా నిలబడి ఒకే లక్ష్యంపై గురిపెట్టడం. ఇక్కడ గడియారం నడుస్తుండగా పరుగెత్తాలి, గోడల చాటు నుంచి కాల్చాలి, మ్యాగజైన్లు (తూటాల డబ్బాలు) మార్చాలి. ఒక్క పిస్తోలుతో ఇవన్నీ నెట్టుకురావచ్చు, నేను నెట్టుకొస్తున్నాను. కాకపోతే అది నన్ను ఎక్కడెక్కడ ఇబ్బంది పెట్టిందో చెబుతాను.

సమస్య: దుకాణంలో డబ్బు కట్టాక కాగితాల దగ్గర ఆగిపోయింది

కారణం వీసా. హెచ్-1బి, ఎఫ్-1 వంటి వీసాల మీద ఉన్నవారు తుపాకీ కలిగి ఉండటాన్ని అమెరికా ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు లాంటి మినహాయింపులు కొన్ని ఉన్నాయి. గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఈ అడ్డు లేదు. స్నేహితుడి తుపాకీ తీసుకుని కాల్చినా ఈ చట్టం వర్తించవచ్చు కాబట్టి ముందు న్యాయవాదిని అడగండి. న్యూజెర్సీ, కాలిఫోర్నియాలలో ఉన్నవారు మ్యాగజైన్‌కు 10 తూటాలే అన్న రాష్ట్ర చట్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి.

సమస్య: మొదటి పోటీలోనే ‘ఓపెన్’ విభాగంలోకి తోసేశారు

ఇది నా కథే. రెడ్ డాట్‌తో (గురికి ఎర్ర చుక్క చూపే అద్దం) పాటు బ్యారెల్ (గొట్టం) చివర కాంపెన్సేటర్ (మూతి ఎగరకుండా ఆపే తొడుగు) కూడా ఉన్న తుపాకీతో వెళ్లాను. చూడటానికి ముచ్చటగా ఉంది, కాలిస్తే మూతి ఎగరడం లేదు. నమోదు బల్ల దగ్గర కూర్చున్న పెద్దాయన దాన్ని ఒక్కసారి చూసి, నా పేరు పక్కన ‘ఓపెన్’ అని రాసేశాడు.

యూఎస్‌పీఎస్‌ఏలో మీరు ఏ విభాగంలో ఆడాలో నిర్ణయించేది తుపాకీకి తగిలించిన సరంజామానే. డాట్, కాంపెన్సేటర్ రెండూ ఉంటే ఓపెన్. అక్కడ పోటీ పడేవాళ్లు పందెం కోసమే తయారైన తుపాకులతో, ‘మేజర్’ తూటాలతో వస్తారు. మేజర్ అంటే పవర్ ఫ్యాక్టర్ (తూటా జోరుకు కొలత, లెక్క కింద చెబుతాను) 165. వాళ్లకు లక్ష్యంలో నట్టనడుమ కాకుండా పక్కనున్న సి గడి తగిలితే 4 పాయింట్లు వస్తాయి, మామూలు 9 ఎంఎం తూటాలతో ఆడే మీకు 3. కొన్నరోజే ఓడిపోయినట్టు.

పరిష్కారం: కాంపెన్సేటర్ విప్పేయండి. అమెరికాలో ఆడేందుకు కొత్తగా కొనేవారైతే 9 ఎంఎం, పాలిమర్ ఫ్రేము, స్ట్రైకర్‌తో (తూటాను పేల్చే లోపలి సూది) పనిచేసే పెద్ద సైజు పిస్తోలు తీసుకోండి. డాట్ పెట్టుకునే వీలు ఉండాలి, దాన్ని తీసేస్తే తుపాకీ మీదుండే మామూలు సైట్లతో (గురి గుర్తులతో) కాల్చగలగాలి. డాట్ ఉంటే యూఎస్‌పీఎస్‌ఏలో క్యారీ ఆప్టిక్స్ విభాగం, తీస్తే ప్రొడక్షన్ విభాగం. ఐడీపీఏలో డాట్‌తో సీఓ (క్యారీ ఆప్టిక్స్), లేకుండా ఎస్ఎస్‌పీ (స్టాక్ సర్వీస్ పిస్టల్). స్టీల్ ఛాలెంజ్‌లోనూ దాదాపు ఇదే వరస. గ్లాక్, వాల్థర్ పీడీపీ, సీజెడ్ పీ-10 ఎఫ్, స్మిత్ అండ్ వెసన్ ఎం అండ్ పీ ఏదైనా సరే, మీ చేతికి నప్పినదే మంచిది. ఉక్కు తుపాకీ మీద మోజు ఉంటే మాత్రం ముందు తూకం వేయండి. సీజెడ్ షాడో 2 బరువు దాదాపు 1,330 గ్రాములు. యూఎస్‌పీఎస్‌ఏలో అది రాణి, ఐడీపీఏ బరువు పరిమితి దగ్గర మాత్రం ఇలాంటివే ఇరుకున పడతాయి.

సమస్య: గత వారం చెల్లిన తుపాకీ ఈ వారం పెట్టెలో పట్టలేదు

ఐడీపీఏలో కొలిచేది టేపుతో కాదు, పెట్టెతో. లోపలి కొలతలు 8¾ × 6 × 1⅝ అంగుళాలు. మ్యాగజైన్ పెట్టిన పిస్తోలు అందులో ఒదగాలి. గ్లాక్ 34 పొడవు 222 మిల్లీమీటర్లు, అంటే 8.74 అంగుళాలు. పెట్టెకూ దానికీ మధ్య మిగిలేది అంగుళంలో నూరో వంతు. మా పరికరాల తనిఖీలో ఆ పొడవు బాగానే కూర్చుంది. అడ్డుపడింది మ్యాగజైన్ అడుగున నేను తగిలించిన ఇత్తడి బేస్‌ప్యాడ్. పిస్తోలును ఎంత అటూ ఇటూ తిప్పినా మ్యాగజైన్ అడుగు అంచు మీదే ఆగిపోయింది.

కారణం: యూఎస్‌పీఎస్‌ఏ క్యారీ ఆప్టిక్స్‌లో మ్యాగజైన్ 141.25 మిల్లీమీటర్ల దాకా ఉండవచ్చు. ఒక స్టేజీలో (పోటీలో ఒక ఘట్టం) 32 తూటాలు కాల్చాల్సి రావచ్చు కాబట్టి అందరూ పొడవైన బేస్‌ప్యాడ్లు తగిలిస్తారు. ఐడీపీఏలో స్టేజీకి 18 తూటాలు దాటవు, మ్యాగజైన్‌లో ఎన్ని నింపాలన్న దానిపైనా విభాగాన్ని బట్టి పరిమితి ఉంటుంది. అక్కడ ఆ పొడవు వల్ల లాభం లేదు, పైగా పెట్టెలో పట్టదు.

పరిష్కారం: ఫ్యాక్టరీ బేస్‌ప్లేట్ ఉన్న మ్యాగజైన్లు విడిగా ఉంచుకోండి. వాటి మీద రంగు టేపు చుట్టండి, పొద్దున్నే నిద్రమత్తులో పొరపడరు.

సమస్య: ఇండియా వెళ్లే దారిలో ఒక ఐప్సిక్ పోటీ ఆడదామనుకుంటే కుదరలేదు

ఇతర దేశాలలో జరిగేవి ఐప్సిక్ (అంతర్జాతీయ ప్రాక్టికల్ షూటింగ్ సమాఖ్య) నియమాలతో. అక్కడ ప్రొడక్షన్‌లో బ్యారెల్ 127 మిల్లీమీటర్లు దాటకూడదు. గ్లాక్ 34 బ్యారెల్ 135. యూఎస్‌పీఎస్‌ఏ ప్రొడక్షన్‌లో నిక్షేపంగా ఆడే తుపాకీ అక్కడ స్టాండర్డ్ అనే వేరే విభాగంలోకి పోతుంది. ట్రిగ్గర్‌ను తేలిక చేసినా చిక్కే. మొదటి దెబ్బకు 2.27 కిలోలు లేదా ప్రతి దెబ్బకూ 1.36 కిలోల లాగుడు ఉండాలి. ఆ ఆలోచన ఉంటే 114 మిల్లీమీటర్ల బ్యారెల్ ఉన్న గ్లాక్ 17 లాంటిది కొనండి. దూరం ప్రయాణించేవారికి నా ఓటు దానికే.

సమస్య: క్రోనోగ్రాఫ్ (తూటా వేగం కొలిచే పరికరం) దగ్గర సున్నా

బుల్లెట్ బరువును గ్రెయిన్లలో, వేగాన్ని సెకనుకు అడుగుల్లో తీసుకుని, గుణించి, వెయ్యితో భాగిస్తే పవర్ ఫ్యాక్టర్. మేజర్ కంటే కింది స్థాయి అయిన ‘మైనర్‌’కు 125 కావాలి. 147 గ్రెయిన్ల బుల్లెట్ 850 వేగంతో వెళ్తే వచ్చేది 124.95. ఆ 0.05 లోటుకు పోటీ మొత్తానికి స్కోరు ఉండదు.

కారణం సాధారణంగా మెత్తగా తన్నే తూటాల మీద ఆశ. చలి రోజున వేగం పడిపోతుంది, పొట్టి బ్యారెల్‌లో ఇంకా పడిపోతుంది. డబ్బా మీద అచ్చువేసిన వేగం మీ బ్యారెల్‌ది కాదు. మీ తుపాకీతోనే కొలిచి 130 దగ్గర ఉండేలా చూసుకోండి. స్టీల్ ఛాలెంజ్‌లో ఈ లెక్కే లేదు, పళ్లెం మోగితే చాలు. పెద్ద గుండు కదా అని .40 కాలిబర్ పిస్తోలు కొన్నవారికి ఒక మాట: ప్రొడక్షన్, క్యారీ ఆప్టిక్స్‌లలో అందరికీ మైనర్ స్కోరే. ఎక్కువ తన్ను, ఎక్కువ ఖర్చు, పాయింటు మాత్రం పెరగదు.

సమస్య: ‘టిక్’ మంది, పేలలేదు

ట్రిగ్గర్ తేలిక కావాలని బలహీనమైన స్ట్రైకర్ స్ప్రింగు వేసి ఉంటారు. పేలని తూటా వెనుక ప్రైమర్ (సూది తగిలి అంటుకునే చిన్న బిళ్ల) చూడండి. నొక్కు పైపైన, లోతు లేకుండా ఉంటే దోషం స్ప్రింగుదే. ఫ్యాక్టరీ స్ప్రింగు తిరిగి వేయండి. పోటీ మధ్యలోనైతే మ్యాగజైన్‌ను కింద నుంచి చరిచి, స్లైడు (తుపాకీ పైభాగం) లాగి, కొనసాగించండి. కానీ ‘టిక్’ కాకుండా ‘పుస్’ అని నీరసమైన శబ్దం వస్తే అక్కడే ఆగాలి. బుల్లెట్ బ్యారెల్‌లో ఇరుక్కుని ఉండవచ్చు, దాని వెనుక ఇంకొకటి కాలిస్తే తుపాకీతో పాటు చేతికీ ప్రమాదం.

సమస్య: తుపాకీ ఎత్తగానే డాట్ కనిపించదు

డాట్ ఎక్కడికీ పోలేదు, మణికట్టు వంగింది. చాలామంది తలను దించి వెతుకుతారు. ఇంట్లో ఇలా సాధన చేయండి: ఖాళీ తుపాకీ, తూటాలు వేరే గదిలో, గోడ మీద చిన్న చుక్క. కళ్లు చుక్క మీదే ఉంచి తుపాకీని కంటి దాకా తీసుకురండి. రోజుకు పది నిమిషాలు చేస్తే రెండు మూడు వారాల్లో దారికి వస్తుంది. ఈలోగా కొత్త డాట్ కొనకండి. నేను కొన్నాను, అందులోనూ కనిపించలేదు.

సమస్య: హోల్‌స్టర్ (తుపాకీ ఒర) ఒప్పుకోలేదు

యూఎస్‌పీఎస్‌ఏలో చాలామంది వాడే, నడుము నుంచి కిందికి వేలాడే రకం ఐడీపీఏలో చెల్లదు. అక్కడ చొక్కా కిందో జాకెట్ కిందో దాగేలా ఒంటికి ఆనుకుని ఉండాలి. వేలాడే రకమే కావాలంటే ఇక్కడ మాత్రం రెండు కొనక తప్పదు.