తలరాత వేరు, నియతివాదం వేరు: ఈ వాదనలోకి ఎలా దిగాలి

"అంతా ముందే నిర్ణయమైపోతే ఇక మన చేతుల్లో ఏముంది?" అని ఎవరైనా అంటే వెంటనే జవాబు చెప్పకండి. వాళ్లు మాట్లాడుతున్నది తలరాత గురించా, నియతివాదం గురించా అని ముందు అడగండి, సగం గొడవ ఈ రెండూ కలిపేయడం వల్లే వస్తుంది.

పరీక్షలు ఉన్నాయనుకోండి. ఫెయిలవ్వాలని రాసిపెట్టి ఉంటే చదివినా చదవకపోయినా ఫెయిలే, ఇది తలరాత. నియతివాదం అలా అనదు. చదవలేదు కాబట్టి ఫెయిలయ్యారు, చదవకపోవడానికి ఒక కారణం, దానికి మళ్లీ ఇంకో కారణం, ఇలా వెనక్కి వెళ్తూనే ఉంటుంది. చదివి ఉంటే ఫలితం వేరేగా ఉండేది. "జబ్బు తగ్గాలని ఉంటే అదే తగ్గుతుంది, వైద్యుడెందుకు?" అనే సోమరి వాదన గ్రీకుల కాలంలోనే ఉంది. వైద్యుణ్ణి పిలవడం కూడా ఆ విధిలో భాగమే కదా అని క్రీ.పూ. 3వ శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త క్రిసిప్పస్ దానికి జవాబిచ్చాడు.

ఇక అసలు చిక్కు. ప్రపంచంలోని ప్రతి కణం స్థితీ, పనిచేసే బలాలూ తెలిసిన బుద్ధికి భవిష్యత్తంతా కనిపిస్తుందని 1814లో ఫ్రెంచ్ గణితవేత్త లాప్లాస్ రాశాడు. అంటే నా నిర్ణయానికి కారణాలు నేను పుట్టకముందే మొదలయ్యాయన్నమాట. మరి అది నాదెలా అవుతుంది?

ఇక్కడ చాలామంది, సూక్ష్మ కణాల స్థాయిలో కొన్ని సంఘటనలు యాదృచ్ఛికంగా జరుగుతాయనే క్వాంటం ఫిజిక్స్ వైపు పరుగెడతారు. వద్దు. యాదృచ్ఛికం స్వేచ్ఛ కాదు, బొమ్మా బొరుసూ వేసి నా చెయ్యి కదిలిస్తే అందులో నా ప్రమేయం ఏముంది? స్వేచ్ఛ లేదనడానికి చూపే, మెదడు శాస్త్రవేత్త లిబెట్ 1983 నాటి ప్రయోగాన్ని కూడా జాగ్రత్తగా వాడండి. చెయ్యి కదపాలన్న కోరిక స్పృహలోకి రాకముందే మెదడులో సంకేతం మొదలైంది, నిజమే, కానీ అక్కడ చేసింది ఊరికే మణికట్టు కదపడం. ఉద్యోగం మానేయాలా వద్దా అని నెలరోజులు తలపట్టుకోవడం కాదు.

నాకు స్కాట్లాండ్ తత్వవేత్త హ్యూమ్ దారే నచ్చుతుంది. కారణం ఉందా లేదా అని కాదు, ఎలాంటి కారణమో చూడండి. మీ ఆలోచన, మీ కోరిక వల్ల చేస్తే అది స్వేచ్ఛగా చేసినట్టే, మెడ మీద కత్తి పెట్టి చేయిస్తే కాదు. "ఆ కోరికని మాత్రం నువ్వు ఎంచుకున్నావా?" అని అవతలివాళ్లు అడుగుతారు. అడగాలి కూడా, కానీ ఆ ప్రశ్న ఒక్క పూటలో తెగేది కాదు, తీరిక చూసుకుని కూర్చోండి.