ఫైబర్‌లో బుడగలు: రాకుండా చూసుకోవడం, వచ్చినవి తీయడం

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరంలో వేట నిషేధం. అంతర్వేదిలోనైనా, ఓడలరేవులోనైనా, భైరవపాలెంలోనైనా ఒడ్డుకెక్కించిన బోట్లకు ఫైబర్ మరమ్మతు పెట్టుకోవడానికి వీలైన రోజులివే. తీరా చూస్తే ఈ పనికి ఇబ్బంది పెట్టే రోజులు కూడా ఇవే. ఎండకి రెజిన్ (పోగుల్ని పట్టి గట్టిపడే జిగురు ద్రవం) త్వరగా జెల్ కడుతుంది, అంటే చిక్కబడి బిగుస్తుంది. సముద్రపు గాలికి మ్యాట్ (గాజు పోగుల పరుపు) చెమ్మ పీలుస్తుంది. రెండూ బుడగలకే దారి తీస్తాయి.

బుడగ ఉన్నచోట రెజిన్ ఉండదు, పొరలు ఒకదానికొకటి అంటుకోవు. నీటి మట్టానికి కింద అయితే ఆ ఖాళీలోకి ఉప్పునీరు చేరుతుంది. రోలరుతో రెండు నిమిషాల్లో పోయే బుడగ గట్టిపడ్డాక గ్రైండరు పట్టినా అరపూట పడుతుంది. అందుకే ప్రతి పొరలోనూ గాలి పూర్తిగా తీశాకే పై పొర వేయాలి.

చెమ్మ, వేళ

మ్యాట్ చుట్టను నేల మీద పెట్టకండి. ప్లాస్టిక్ కవరులో, బల్ల మీద ఉంచండి. అవసరమైనంతే కత్తిరించి, మిగతాది వెంటనే మూసేయండి. తడి తగిలిన మ్యాట్ ఆరినట్టు కనబడినా నీటి మట్టం కింద వాడకపోవడమే మంచిది.

అచ్చులో గానీ, రొయ్యల హేచరీ తొట్టెకు గానీ పని చేస్తుంటే ఉదయం మంచు ఆరాక మొదలుపెట్టి, ఎండ ముదిరేలోపు ఆపండి. చెక్క బోటు మీద ఫైబర్ వేయడం వేరు. చెక్క రంధ్రాల్లో గాలి ఉంటుంది. పొద్దున వేస్తే ఎండ ఎక్కేకొద్దీ ఆ గాలి వ్యాకోచించి రెజిన్‌లోకి బుడగలుగా వస్తుంది. మధ్యాహ్నం మూడు దాటి చెక్క చల్లబడుతున్నప్పుడు మొదటి పూత వేస్తే రెజిన్‌ను చెక్కే లోపలికి లాక్కుంటుంది. చీకటి పడి చెమ్మ దిగేలోపు ఆ పూత జెల్ కట్టాలి. రెండు వేళల్లోనూ నేరుగా ఎండ పడకుండా టార్పాలిన్ కట్టండి. ఎండ తగిలితే పైపొర ముందే బిగిసి, లోపలి గాలికి దారి మూసుకుపోతుంది.

రెజిన్ కలపడం

ముందుగా కోబాల్ట్‌ను (గట్టిపడే వేగం పెంచే ద్రవం) రెజిన్‌లో పూర్తిగా కలపాలి, ఆ తర్వాతే హార్డ్‌నర్ (రెజిన్‌ను గట్టిపరిచే రసాయనం). ఈ రెండింటినీ నేరుగా ఒకదానితో ఒకటి ఎప్పుడూ కలపకండి, పేలుతుంది. రెజిన్‌లో కోబాల్ట్ ముందే కలిపి అమ్మారేమో డబ్బా మీద చూసుకోండి. హార్డ్‌నర్ కంట్లో పడితే చూపు పోవచ్చు, కళ్లద్దాలు తప్పనిసరి. పడితే వెంటనే కనీసం 15 నిమిషాలు నీళ్లతో కడిగి ఆసుపత్రికి వెళ్లాలి. అసిటోన్, రెజిన్ ఉన్నచోట బీడీ వెలిగించకూడదు.

వేసవిలో కిలో రెజిన్‌కు 10 మిల్లీలీటర్ల హార్డ్‌నర్ చాలు. వేడి ఎక్కువగా ఉందని ఇంకా తగ్గిస్తే రెజిన్ సరిగా గట్టిపడదు. దానికి బదులు కోబాల్ట్ తగ్గించండి, ఒక్కోసారి కిలోకు మించి కలపకండి, కలిపినదాన్ని వెడల్పాటి ట్రేలో పోయండి. లోతైన బకెట్‌లో వేడి నిలిచి రెజిన్ ముందే బిగుస్తుంది. పని మొదలుపెట్టేముందు 100 గ్రాములు కలిపి చూడండి. 20, 25 నిమిషాలు జెల్ కట్టకుండా ఆగితే సరిపోతుంది.

పుల్లతో నిదానంగా, అడుగూ అంచులూ గీరుతూ కలపండి. డ్రిల్లుకు కవ్వం తగిలించి చిలికితే గాలి మొత్తం మీరే లోపలికి కొడుతున్నట్టు. కలిపాక ఓ రెండు నిమిషాలు వదిలేయండి. చిక్కగా ఉందని థిన్నర్ గానీ అసిటోన్ గానీ పోయకండి. అది లోపలే చిక్కుకుని తనే బుడగలు చేస్తుంది, ఫైబర్‌ను మెత్తబరుస్తుంది కూడా.

పొర వేయడం

చదరపు మీటరుకు 450 గ్రాములుండే మ్యాట్‌కు దాదాపు కిలో రెజిన్ పడుతుంది. అందులో సగం ముందే కింద పూయండి, ఆ తడి మీద మ్యాట్ పరవండి. రెజిన్ కింది నుంచి పైకి ఎక్కుతూ గాలిని తోసుకుంటూ వస్తుంది. పొడి మ్యాట్ వేసి పైనుంచి కుమ్మరిస్తే గాలి కిందే ఉండిపోతుంది. చాలా బుడగలకు అసలు కారణం ఇదే.

పరిచిన వెంటనే రోలరు పెట్టకండి. మ్యాట్ పోగుల్ని పట్టి ఉంచే జిగురు కరగడానికి ఒకట్రెండు నిమిషాలు పడుతుంది. తర్వాత మిగిలిన రెజిన్ పూసి, గాట్లున్న అల్యూమినియం రోలరుతో మధ్య నుంచి అంచులకు తోయండి. గట్టిగా నొక్కితే రెజిన్ బయటికి పోతుంది. చెయ్యి తీయగానే పోగులు మళ్లీ లేచి గాలిని పీల్చుకుంటాయి. వేగంగా తిప్పితే నురగ వస్తుంది. రోలరు అందని మూలల్లో కురచగా కత్తిరించిన బ్రష్‌తో నిలువుగా పొడవాలి, రంగు వేసినట్టు రాయకూడదు.

కంటికి కనబడేది చూసి తేడా పోల్చుకోండి. తెల్లటి పోగులు కనబడితే అక్కడ రెజిన్ చాలలేదు. గుండ్రంగా వెండిలా మెరిస్తే గాలి. ఆ చోటంతా పాలలా మసగ్గా ఉంటే చెమ్మ, దాన్ని రోలరు తీయలేదు.

నిటారు మూలల్లో మ్యాట్ వంగదు, వంతెనలా నిలబడి కింద ఖాళీ వదిలేస్తుంది. ముందే పుట్టీతో మూలను గుండ్రంగా నింపి, అది తడిగా ఉండగానే మ్యాట్ వేయండి. మ్యాట్ అంచుల్ని కత్తెరతో కాకుండా చేత్తో చింపండి. అలా చింపిన అంచు పక్క ముక్కలో కలిసిపోతుంది, మెట్టు ఏర్పడదు. 5 సెంటీమీటర్లు ఒకదానిపై ఒకటి వచ్చేలా పరవండి. రోవింగ్ (నేసిన గాజు పోగుల బట్ట) మీద నేరుగా రోవింగ్ వేయకుండా మధ్యలో మ్యాట్ పెట్టండి.

జెల్‌కోట్ (పైకి కనబడే నున్నటి రంగు పూత) వెనక మొదటి పొరకు 300 గ్రాముల పల్చటి మ్యాట్ వాడి, అది గట్టిపడ్డాక బుడగలన్నీ తీసి ముందుకెళ్లండి. జెల్‌కోట్ అర మిల్లీమీటరు మందం ఉండాలి. పల్చనైతే ముడతలు పడుతుంది. ఒకేసారి మూడు నాలుగు పొరలు మించితే లోపల వేడెక్కి పగుళ్లొస్తాయి.

వచ్చిన బుడగ తీయడం

జెల్ కడుతున్న రెజిన్‌ను రోలరుతో కెలకొద్దు. రబ్బరులా అయ్యేదాకా ఆగి, పదునైన బ్లేడుతో బుడగ మీది పొరను కోసేయండి. ఆ దశలో సులువుగా తెగుతుంది. గట్టిపడ్డాక రూపాయి బిళ్లతో తట్టుతూ పోతే బుడగ ఉన్నచోట బోలుగా మోగుతుంది. దాని చుట్టూ చాక్‌పీస్‌తో గీసుకోండి. రంగు కలపని ఫైబర్ అయితే వెనక లైటు పెట్టినా తెలుస్తుంది.

గుండుసూది తలంత బుడగలు అక్కడక్కడా, నీటికి పైభాగంలో ఉంటే వదిలేయవచ్చు. నీటి మట్టం కిందా, ఇంజను దిమ్మ దగ్గరా, అతుకుల దగ్గరా శనగగింజంతది కనబడినా తెరవాల్సిందే. వాడిన బోటైతే ముందు మంచినీళ్లతో ఉప్పు కడిగి, బాగా ఆరనివ్వండి. డస్ట్ మాస్కు పెట్టుకుని 40 నంబరు డిస్కుతో గట్టి ఫైబర్ తగిలేదాకా గ్రైండ్ చేయండి. చుట్టూ వాలు మందానికి 12 రెట్లుండాలి. 6 మిల్లీమీటర్ల మందానికి ప్రతి వైపూ 72 మిల్లీమీటర్లు. పాత ఫైబర్‌కు కొత్తది గరుకును పట్టుకునే నిలుస్తుంది, నున్నగా వదిలితే ఊడివస్తుంది. అసిటోన్‌తో తుడిచి, ఆరాక పెద్ద ముక్క ముందు, చిన్నవి ఆ పైన వేయండి. అప్పుడు చివర్లో చదును చేసేటప్పుడు తెగేది చిన్న ముక్కలే.

గ్రైండ్ చేయకుండా సిరంజితో నింపడం పొరల మధ్య ఖాళీ శుభ్రంగా, పొడిగా ఉంటేనే పని చేస్తుంది. కిందొకటి, పైనొకటి 3 మిల్లీమీటర్ల రంధ్రాలు వేసి, కింది దాంట్లోంచి ఎపాక్సీ (వేరే రకం రెజిన్) ఎక్కించండి. పై రంధ్రంలోంచి కారడం మొదలయ్యాక రెండింటికీ టేపు వేయండి. ఎపాక్సీ మీద పాలిస్టర్ (ఇంతదాకా చెప్పిన మామూలు రెజిన్) సరిగా పట్టదు, కాబట్టి ఆ చోట పై పూత కూడా ఎపాక్సీ రకమే కావాలి.

జెల్‌కోట్‌లోని సన్న రంధ్రాలను మొనతో విప్పి, అదే రంగు జెల్‌కోట్ కాస్త ఉబ్బెత్తుగా నింపి, పైన పాలిస్టర్ ఫిల్మ్ (పల్చటి ప్లాస్టిక్ కాగితం) అతికించండి. గాలి తగిలితే పైభాగం జిగటగానే ఉండిపోతుంది. మర్నాడు ఫిల్మ్ తీసి, 220 నుంచి 400, 800, 1200 ఎమ్రీ పేపర్లతో నీళ్లు పోస్తూ రుద్ది, రబ్బింగ్ కాంపౌండు పట్టించండి.