మీ వ్యాసం ఇంకొకరి సైటులో కనబడితే: ఆధారం నుంచి తొలగింపు దాకా

మీరు రాసిన వ్యాసం అక్షరం పొల్లుపోకుండా ఇంకో సైటులో కనబడిందనుకోండి. వాళ్లకు ఫోన్ చేసి దులిపేయాలనిపించడం సహజమే, కానీ ఆ పని కాసేపు ఆపండి. తిట్లు అందిన పది నిమిషాల్లో పేజీ మాయమై, నెల తిరిగేసరికి వేరే పేరుతో మళ్లీ పైకొస్తుంది. అప్పటికి మీ చేతిలో చూపించడానికి ఏమీ ఉండదు. మొదట ఆధారం, తర్వాతే మాట.

ఆధారమంటే ఫోనులో తీసిన ఒక్క స్క్రీన్‌షాట్ కాదు. బ్రౌజర్ అడ్రస్ బార్, తేదీ కనబడేలా పేజీ మొత్తాన్ని పై నుంచి కింది దాకా తీయండి, పీడీఎఫ్‌గా కూడా దాచండి. వెబ్ పేజీల పాత ప్రతులను తేదీతో సహా దాచే వేబ్యాక్ మెషీన్ అనే సైటులో ఆ పేజీ లింకును ‘సేవ్ పేజ్ నౌ’ దగ్గర ఇచ్చి బయటి సాక్ష్యం ఒకటి సృష్టించండి. మీ పేజీకి కూడా అదే చేయాలి, అదీ వ్యాసం ప్రచురించిన రోజే. కొందరు కాపీ కొట్టి, తేదీని వెనక్కి జరిపి, అసలు రాసినవారి మీదే ఎదురు ఫిర్యాదు పెడతారు. వర్డ్‌ప్రెస్‌లో ప్రచురణ తేదీ మార్చడం ఒక్క క్లిక్ పని. వేబ్యాక్ మెషీన్‌లో పడిన తేదీని మాత్రం వాళ్లు మార్చలేరు. డ్రాఫ్టు రివిజన్లు, కెమెరా నుంచి వచ్చిన అసలు ఫోటో ఫైళ్లు చెరిపేయకండి. వాట్సాప్‌లో పంపుకున్న ఫోటోలో తీసిన తేదీ, కెమెరా వివరాలు పోతాయి, కాబట్టి అది అసలు ఫైలుకు సాటి రాదు.

వ్యవహారం కోర్టు దాకా వెళ్లేలా ఉంటే మరో జాగ్రత్త. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ ఆధారానికి సర్టిఫికెట్ జతచేయాలి, అందులో ఫైలు హ్యాష్ విలువ (ఫైలులో ఏ కొంచెం మారినా మారిపోయే గుర్తింపు సంఖ్య) కూడా రాయాలి. అందుకే తీసిన ఫైళ్లను కత్తిరించకండి, వాటి మీద ఎర్ర గీతలు గీయకండి. గీతలు కావాలంటే ఇంకో ప్రతి మీద గీసుకోండి.

కాపీలు ఎక్కడున్నాయో వెతకడం

వ్యాసం మధ్యలోంచి ఎనిమిది పది పదాల వాక్యం తీసుకుని, కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి గూగుల్‌లో వెతకండి. మొదటి పేరాను చాలామంది కొద్దిగా మారుస్తారు, మధ్యలో చేయి పెట్టరు. తెలుగులో ఒక చిక్కుంది: ‘వెబ్‌సైట్’, ‘సాఫ్ట్‌వేర్’ లాంటి మాటల్లో పొల్లు తర్వాత కంటికి కనబడని విభజన అక్షరం ఒకటి ఉంటుంది. కాపీలో అది పోయినా, కొత్తగా చేరినా కచ్చితమైన వెతుకులాటకు ఫలితం చిక్కకపోవచ్చు. అలాంటి మాటలు లేని అచ్చ తెలుగు వాక్యాన్ని ఎంచుకోండి. మీరు పొరపాటున వదిలేసిన అచ్చుతప్పు ఉంటే ఇంకా మంచిది. అదే తప్పు అవతలి పేజీలోనూ ఉంటే వాదించే పనే ఉండదు. ఫోటోలకు, బొమ్మను బట్టి వెతికే గూగుల్ లెన్స్ వాడండి.

దొరికిన ప్రతిదీ ఉల్లంఘన కాదు. ఆలోచనకు, సమాచారానికి కాపీరైట్ ఉండదు. గోంగూర పచ్చడికి ఏమేం కావాలో ఎవరైనా రాయొచ్చు. మీరు రాసిన వాక్యాలు, తీసిన ఫోటోలు మాత్రం మీవి. సమీక్ష కోసం రెండు వాక్యాలు ఎత్తి చూపడాన్ని చట్టమే ఒప్పుకుంటుంది. హక్కు పుట్టడానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చేయించుకుంటే కోర్టులో ప్రాథమిక ఆధారంగా పనికొస్తుంది, అంతే.

ఎవరిని అడగాలి, ఎలా అడగాలి

ముందు సైటు వాళ్లకే ఒక మెయిల్ పెట్టండి. చిన్న సైట్ల విషయంలో సగం తగువు ఇక్కడే తెగుతుంది. ఇలా రాస్తే చాలు:

“నమస్కారం. మీ సైటులో ఈ లింకు దగ్గర ఉన్న వ్యాసం, మూడు ఫోటోలు మా సైటులో ఫలానా తేదీన, ఈ లింకులో ప్రచురించినవి. వాటిని వాడుకోవడానికి మేం అనుమతి ఇవ్వలేదు. ఈ మెయిల్ అందిన 72 గంటల్లో పేజీని, ఫోటో ఫైళ్లను సర్వర్ నుంచి తొలగించి తెలియజేయగలరు.”

‘ఫోటో ఫైళ్లను’ అని విడిగా రాయడం మరిచిపోకండి. వర్డ్‌ప్రెస్‌లో పోస్టు తీసేసినా బొమ్మలు మీడియా లైబ్రరీలోనే ఉంటాయి, నేరుగా లింకు కొడితే తెరుచుకుంటాయి. ‘కింద మీ సైటు పేరు వేశాం కదండీ’ అని జవాబొస్తే, పేరు వేయడం అనుమతితో సమానం కాదని ఒక్క ముక్కలో చెప్పండి. డబ్బు, కేసు, పోలీసు అంటూ మొదటి మెయిల్‌లోనే మొదలుపెట్టొద్దు. ఆధారం లేని బెదిరింపులకు కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద ఎదురు దావా వేసే వీలు అవతలివారికి ఉంది.

జవాబు రాకపోతే ఆ సైటుకు సర్వర్ అద్దెకిచ్చిన హోస్టింగ్ కంపెనీ దగ్గరికి వెళ్లాలి. డొమైన్ల (సైటు పేర్ల) నమోదు వివరాలు చూపే హూయిజ్‌లో వెతికితే డొమైన్ అమ్మిన రిజిస్ట్రార్ పేరు వస్తుంది. సైటును నిలబెట్టిన హోస్టు వేరే కావచ్చు, ఐపీ చిరునామాను (నెట్‌లో సర్వర్ నంబరును) బట్టి అది తెలుస్తుంది. చాలాచోట్ల, సైటుకూ పాఠకులకూ మధ్య నిలబడే క్లౌడ్‌ఫ్లేర్ అనే సేవ అడ్డుగా ఉంటుంది. మామూలుగా అది పేజీని తీసేయదు, ఫిర్యాదును అసలు హోస్టుకు పంపుతుంది. హోస్టు అమెరికాదైతే 1998 నాటి అక్కడి డిజిటల్ కాపీరైట్ చట్టం డీఎంసీఏ ప్రకారం నోటీసు పంపండి. అందులో మీ రచన ఏదో, కాపీ ఉన్న కచ్చితమైన లింకు, మీ పేరు, చిరునామా, ఈ వాడకానికి అనుమతి లేదని మనస్ఫూర్తిగా నమ్ముతున్నానన్న మాట, రాసిన వివరాలు నిజమన్న మాట, హక్కుదారు తరఫున మాట్లాడే అధికారం ఉందన్న ప్రమాణం, సంతకం ఉండాలి. హోమ్‌పేజీ లింకు ఇస్తే పని జరగదు, పేజీకో లింకు ఇవ్వాల్సిందే. ఫిర్యాదు చూసే ఉద్యోగికి తెలుగు రాకపోవచ్చు. రెండు పేజీల్లో ఒకటే ఉన్న పేరాలను పక్కపక్కన పెట్టి, ఇంగ్లిష్‌లో రెండు వాక్యాల వివరణ జోడించండి.

గూగుల్ వెతుకులాటలోంచి తీయించడానికి వేరే ఫారం ఉంటుంది. పేజీ సైటులోనే ఉంటుంది కానీ వెతికితే రాదు. కాపీ సైటు బతికేదే ఆ రాకపోకల మీద కాబట్టి ఇది గట్టిగానే తగులుతుంది. ఆ నోటీసు నకలు లూమెన్ అనే బహిరంగ భాండాగారానికి వెళ్తుందని, అందులో మీ పేరు కనబడవచ్చని తెలిసే పంపండి.

మన దేశంలోని వేదికలకైతే కాపీరైట్ రూల్స్ 2013లోని 75వ నిబంధన వర్తిస్తుంది. సరైన రాతపూర్వక ఫిర్యాదు అందాక 36 గంటల్లో ఆ పేజీని అందుబాటులో లేకుండా చేయాలి. చాలామంది గమనించని మెలిక దీని తర్వాత ఉంది. అది 21 రోజుల ఆపుదల మాత్రమే. ఆలోగా కోర్టు ఉత్తర్వు తెచ్చి చూపకపోతే వాళ్లు పేజీని తిరిగి పెట్టేయొచ్చు. దావా వేస్తామన్న హామీ కూడా ఫిర్యాదులోనే రాయాలి. కాబట్టి వకీలుతో ముందే మాట్లాడుకుని ఈ దారి పట్టండి. దావా మీరు ఉంటున్న జిల్లాలోనే వేసుకునే వీలు కాపీరైట్ చట్టం సెక్షన్ 62 ఇస్తుంది, కాకినాడలో ఉన్నవారు ఢిల్లీ పరిగెత్తనక్కర్లేదు. దావా వేయడానికి గడువు మూడేళ్లు.

మన సైటు చేతులు శుభ్రంగా ఉన్నాయా

ఫిర్యాదు పెట్టేముందు సొంత పేజీలు ఒకసారి తిరగేయండి. ‘ఫోటో: గూగుల్’ అన్న రాత ఎవరినీ కాపాడదు, అది ఒప్పుకోలులా పనిచేస్తుంది. ఇంగ్లిష్ వ్యాసాన్ని తెలుగు చేసి సొంత పేరుతో వేయడం మన సైట్లలో విరివిగా జరుగుతుంది. అనువాద హక్కు కూడా మూల రచయితదే. సినిమా పాట సాహిత్యం మొత్తం ఎక్కించడమూ అంతే. రచయిత చనిపోయిన మరుసటి ఏడాది మొదలు 60 ఏళ్లు హక్కులు ఉంటాయి. 1915లో కన్నుమూసిన గురజాడ రచనలు ఎవరైనా పెట్టొచ్చు, 1983లో పోయిన శ్రీశ్రీవి 2043 చివరి దాకా కుదరదు. గురజాడకు ఇటీవల ఎవరో రాసిన వ్యాఖ్యానం మాత్రం ఆ వ్యాఖ్యాతదే.

తెలుగు వికీపీడియా పాఠం వాడుకోవచ్చు. అయితే మూలానికి లింకు, లైసెన్సు పేరు, మీరు చేసిన మార్పుల ప్రస్తావన ఉండాలి, మీ పాఠాన్నీ అదే లైసెన్సుతో వదలాలి.

బయటి రచయితలకు డబ్బిచ్చి రాయించుకుంటే హక్కులు మీకు వచ్చేసినట్టు అనుకోకండి. జీతానికి పనిచేసే ఉద్యోగి రాతకు యజమాని హక్కుదారు. ఫ్రీలాన్సరైతే సంతకం చేసిన బదిలీ పత్రం కావాలి. అందులో కాలం రాయకపోతే ఐదేళ్లని, ప్రాంతం రాయకపోతే భారతదేశం మాత్రమేనని చట్టం లెక్కగడుతుంది. డాలస్‌లోనూ చదివే సైటుకు అది సరిపోదు కాబట్టి ‘ప్రపంచమంతటా, కాపీరైట్ ఉన్నంత కాలం’ అని స్పష్టంగా రాయించుకోండి.

నోటీసు మీకే వస్తే

ముందు అది అసలుదో కాదో చూడండి. ‘మీరు నా ఫోటోలు దొంగిలించారు, ఆధారాలు ఈ లింకులో’ అంటూ వచ్చే మెయిళ్లలో కొన్ని వైరస్ అంటించడానికే పుట్టినవి. నిజమైన నోటీసులో మీ పేజీ లింకు, ఏ బొమ్మో, పంపినవారి వివరాలు ఉంటాయి. తప్పు మీదని తేలితే అదే రోజు తీసేసి, తీశామని మాత్రమే జవాబివ్వండి. డబ్బు అడిగితే యాజమాన్యానికి, అడిగిన రేటుకు ఆధారం చూపమనండి.

తప్పుడు ఫిర్యాదు మీద మీ పేజీ పోతే, డీఎంసీఏ కింద కౌంటర్ నోటీసు (ఎదురు నోటీసు) ఇవ్వొచ్చు. అవతలివారు కోర్టుకు వెళ్లకపోతే 10 నుంచి 14 పనిదినాల్లో పేజీ తిరిగి వస్తుంది. ఆ నోటీసుతో మీ పేరు, చిరునామా ఫిర్యాదుదారుకు చేరతాయి, అమెరికా కోర్టు పరిధికి మీరు ఒప్పుకున్నట్టూ అవుతుంది. మీ డ్రాఫ్టులు, వేబ్యాక్ తేదీ చేతిలో ఉంటేనే దాని మీద సంతకం పెట్టండి.